గోడ మీది నాన్నగారు

త్రిలోక్‌చంద్ భసీన్ మొదటిసారి చచ్చిపోయినప్పుడు ఆయనకు ముప్పై నాలుగేళ్ళు. ఆ సంగతి ఆయనకు తెలియను కూడా తెలియదు. అంధేరీలో ఓ స్టూడియో గేటు బయట, పెళ్ళి సీన్లో గుంపులో నిలబడే పని కోసం కాచుకుని, పచ్చిమిరపకాయ నంజుకుంటూ కుల్చా తింటున్నాడు. సరిగ్గా అదే సమయానికి లోపల ఆయన ఫొటోకి గంధపు దండ వేసి, ముందు దీపం వెలిగించి, తెల్లచీర కట్టుకున్న ఒకావిడ భోరున ఏడుస్తోంది. సాయంత్రం ఎవరో చెబితే ఆయన నవ్వాడు. అప్పటికింకా నవ్వొచ్చే విషయమే అది.

హిందీ సినిమాల సంగతి తెలిసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. హీరోకి తండ్రి బతికుండకూడదు. బతికున్న తండ్రి ఏం చేస్తాడు? ఉద్యోగం చూసుకోమంటాడు, ఆలస్యంగా ఇంటికొస్తే చీవాట్లు పెడతాడు, ఆ పిల్ల మనకొద్దంటాడు. వెళ్ళి పగ తీర్చుకోరా అని ఏ తండ్రీ అనడు. అదే పటంలో ఉన్న తండ్రి అయితే నోరెత్తడు, అన్నం అడగడు, కొడుకు ఎవణ్ణి నరికొచ్చినా అదే చూపు చూస్తాడు. అందుకని కథ మొదలవకముందే తండ్రిని లేపేస్తారు. చచ్చినవాడి కళ్ళు చారెడు అన్నారు కదా, ఆ కళ్ళు కాస్త పెద్దవిగా, తడిగా ఉన్న ముఖం ఒకటి కావాలి.

భసీన్‌ది అందుకే పుట్టిన ముఖం. వెడల్పాటి నుదురు, నిటారు ముక్కు, గుబురు మీసం, ఇప్పుడే ఎవరో నమ్మించి మోసం చేస్తే వాణ్ణి క్షమించేసినట్టుండే చూపు. హీరో అవుదామని బొంబాయి వచ్చిన కొత్తల్లో ఎవరిదో షేర్వాణీ ఎరువు తెచ్చుకుని ఆయన దిగిన ఫొటో ఒకటి చేతులు మారి మారి దాదర్‌లో మగన్‌భాయ్ దుకాణానికి చేరింది. సినిమా సామాన్లు అద్దెకిచ్చే దుకాణం అది. కత్తులు, టెలిఫోన్లు, గడ్డి కూరిన పులి తలకాయలు, దేవుళ్ళ విగ్రహాలు, వాటితో పాటు చచ్చిపోయిన తండ్రులు కూడా అక్కడే దొరుకుతారు. ఉన్న అరడజను తండ్రుల్లోనూ భసీన్‌కే గిరాకీ. మగన్‌భాయ్ దగ్గర ఒక పెయింటర్ ఉండేవాడు. జమీందారు కావాలంటే ఆ ఫొటో తలమీద పాగా వేసేవాడు, నిజాయితీపరుడైన ఇన్‌స్పెక్టరు కావాలంటే పాగా చెరిపి టోపీ పెట్టేవాడు. ఒకసారి పాగా సరిగా చెరపకుండానే టోపీ పెట్టాడు. ఆ సినిమా ఇరవై అయిదు వారాలు ఆడింది, ఒక్క మనిషీ కనిపెట్టలేదు.

అలా ఇరవై ఎనిమిదేళ్ళలో నలభై మూడు సినిమాల్లో భసీన్ హీరోకి తండ్రి. పటంలో. మిగతా రోజుల్లో గుంపులో మనిషి. ఒక సినిమాలో అయితే బంగళా గోడమీద దండతో వేలాడుతున్నదీ ఆయనే, ఆ గోడ కిందే పార్టీలో రంగునీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడ్డదీ ఆయనే. మా సైన్ కోలివాడ క్వార్టర్లలో, అంటే దేశం ముక్కలైనప్పుడు అటునుంచి వచ్చినవాళ్ళకు గవర్నమెంటు కట్టిచ్చిన గదుల్లో, కొత్త సినిమా వచ్చిన ప్రతి శుక్రవారం ఆయన్ని పరామర్శించడం ఒక ఆచారం. "భసీన్ సాబ్, ఈసారి ఎవరి చేతిలో పోయారు?" అని కిరాణా కొట్టు లాల్‌చంద్ చాలా గౌరవంగా అడిగేవాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారు గానీ, ఆయనకు బయటి పల్లకీ కూడా పాడె కిందే లెక్క.

ఈ హాస్యం ఆయన భార్య కృష్ణావంతికి మాత్రం ఎక్కేది కాదు. ప్రతి ఏడూ కర్వా చౌత్ నాడు మొగుడి ఆయుష్షు కోసం పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా చంద్రుడు వచ్చేదాకా ఉపవాసముండే మనిషి ఆవిడ. "నేనిక్కడ కడుపు మాడ్చుకుని ఈయన్ని బతికిస్తుంటే, అక్కడెవత్తో తెల్లచీర కట్టుకుని దండ వేసి చంపుతోంది. నా ఉపవాసం గొప్పదా, ఆవిడ గ్లిజరిన్ గొప్పదా?" అని పొరుగింటావిడతో అనేది. పెళ్ళయిన మూడో ఏడు నుంచి మొగుడి సినిమా ఒక్కటి కూడా చూడలేదు.

భసీన్‌కి మాత్రం దండ గురించి బాధ లేదు. ఆయనకు కావలసింది ఒక్కటే. తెరమీద నోరు తెరవాలి. పదిమంది కూర్చున్న హాల్లో ఆయన గొంతు మోగాలి. ఏం గొంతు అది! ఇప్పుడు పాకిస్తాన్లో ఉన్న లయల్‌పూర్ కాలేజీలో నాటకం వేస్తే చివరి బెంచీవాడు కూడా చెవులు మూసుకునేవాడట. ఇప్పటికీ వరండాలో నిలబడి కొడుకుని పిలిస్తే వీధి చివర పాలవాడు సైకిలు ఆపి వెనక్కి చూస్తాడు. అలాంటి గొంతున్న మనిషి ఇరవై ఎనిమిదేళ్ళు ఒక్క మాట చెప్పకుండా బతికాడు. ఈ లైన్లో గుంపులో నిలబడేవాడి కులం వేరు, మాట చెప్పేవాడి కులం వేరు. భోజనాల పంక్తి కూడా వేరే. మూడుసార్లు ఆయనకు ఒక్కో మాట దక్కబోయింది. మొదటిది లైటు పోతోందని తీసేశారు. రెండోది హీరోయిన్ మరిది ఎత్తుకుపోయాడు. మూడోసారి "మాలిక్, శత్రువులు!" అని అరవాలి. రిహార్సల్లో హీరోగారి కుక్క ముందే మొరిగింది. ఆ మొరుగులోనే భావం బాగా పలికిందని డైరెక్టరు దాన్నే ఉంచాడు. టైటిల్స్‌లో ఆ కుక్క పేరు కూడా పడింది. ఆ కుక్క అంటే భసీన్‌కి ఇప్పటికీ ఒళ్ళుమంటే.

ఎనభై ఆరులో వానలు వెనకపట్టే రోజుల్లో మగన్‌భాయ్ లాల్‌చంద్ కొట్టుకి ఫోన్ చేసి, భసీన్‌ని వెంటనే కుక్రేజా ఆఫీసుకు వెళ్ళమన్నాడు. కుక్రేజా అనే డైరెక్టరు ఏడాదిన్నరగా ఒక సినిమా తీస్తున్నాడు. సగం పైగా అయిపోయింది. అందులో హీరో పదకొండు సీన్లలో భసీన్ ఫొటో ముందు నిలబడి ఏడ్చాడు, మూడుసార్లు శపథం చేశాడు. చూసిన డిస్ట్రిబ్యూటర్లు ఒకే మాట అన్నారట. అందరూ ఆ తండ్రి కోసం ఏడుస్తున్నారు గానీ అసలాయన ఎవరు, ఎందుకు పోయాడు, చూపించాలి కదా, లేకపోతే ఆ సీన్లు రాగానే జనం సమోసాలకు లేచిపోతారు అన్నారు. సరేనని కుక్రేజా పది నిమిషాల ఫ్లాష్‌బ్యాక్ రాయించాడు. మిల్లు గేటు ముందు కూలీల మధ్య తండ్రి నిలబడి నాలుగు పేజీల ఉపన్యాసమిస్తాడు, ఆ తర్వాత తుపాకీ గుండు తగిలి పోతాడు. పదకొండు సీన్లలో ఫొటో పడిపోయింది కాబట్టి ఇప్పుడు పటం మార్చడానికి లేదు. తండ్రి వేషానికి ఆ పటంలో మనిషే కావాలి.

నాలుగు పేజీలు! భసీన్ ఆ పొద్దు మీసానికి రంగేశాడు, కొత్త పళ్ళసెట్టు పెట్టుకున్నాడు, వయసు తెలుస్తుందని కళ్ళజోడు ఇంట్లో వదిలేసి, ఎదురొచ్చిన ఇద్దరు ముగ్గురికి తగులుకుంటూ బస్సెక్కాడు. కుక్రేజా ఆయన్ని ఆదరంగా కూర్చోబెట్టి, టేబుల్ మీది ఫొటో చూపించి, "ఈయన మీకేమవుతారు? తమ్ముడా?" అని అడిగాడు.

"నేనే అండీ" అన్నాడు భసీన్.

కుక్రేజా ఫొటో తీసి ఆయన చెంప పక్కన పెట్టి, బజార్లో వంకాయ తిప్పి చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. "మీరే కావచ్చు. నేను నమ్ముతాను. జనం నమ్మాలి కదా భసీన్ సాబ్. మీరు దీనిలా లేరు." విగ్గు పెట్టి చూశారు, బుగ్గలకు లోపల దూది పెట్టి చూశారు. తన తద్దినానికి తానే భోక్తగా వచ్చినవాడిలా తయారయ్యాడు తప్ప ఫొటోలా కాలేదు. మేకప్ కుర్చీలో కూర్చున్న ఆ రెండు గంటల్లోనే ఆయన కాగితాలు ముక్కుకి ఆనించుకుని నాలుగు పేజీలూ కంఠతా పట్టేశాడు. ఒక్క ముక్క అప్పజెప్పమని ఎవరూ అడగలేదు.

తర్వాత మూడు రోజులూ ఫొటోలా ఉన్నవాడి కోసం వేట సాగింది. బొంబాయిలో గుబురు మీసం ఉన్న ప్రతివాడూ ఆ ఆఫీసు మెట్లమీద వరసకట్టాడు. భసీన్ కూడా రోజూ పోయి చివర్లో నిలబడేవాడు. ఒక అసిస్టెంటు ఆయన్ని గుర్తుపట్టక, ఫొటోతో పోల్చి చూసి, "కళ్ళు కొంచెం కలుస్తున్నాయి, మిగతాదేం లేదు" అని పక్కకు తోసేశాడు. నాలుగో రోజు, ఈయన రోడ్డు దాటుతూ ఏ బస్సు కింద పడతాడో అని కృష్ణావంతి కంగారుపడి, కళ్ళజోడిచ్చి కొడుకుని పంపింది. వాడు స్కూటరు దిగి మెట్లెక్కుతుంటే కుక్రేజా తలెత్తి చూశాడు. చేతిలో టీ కప్పు అలాగే ఉండిపోయింది. పటం నడిచి వస్తోంది.

అశ్వని అని కొడుకు పేరు, ఇంట్లో బిట్టూ. ఇరవై ఏడేళ్ళు. లోహార్ చాల్ బజార్లో సీలింగ్ ఫ్యాన్ల దుకాణంలో గుమాస్తా. సినిమా అంటే వాడికి చిన్నప్పటినుంచీ కడుపుమంట. స్కూల్లో పిల్లలు "మీ నాన్నకి నిన్న దండేశారు కదరా, ఇవాళ బడికెందుకొచ్చావ్?" అని ఏడిపించేవాళ్ళు. ఫారాల్లో తండ్రి పని ఏమిటని అడిగిన చోట వ్యాపారం అని రాసుకుని పెరిగాడు. కుక్రేజా వేషం ఇస్తానంటే, మా ఇంట్లో ఒకడు చచ్చాడు చాలు అని చెప్పి స్కూటరెక్కి వెళ్ళిపోయాడు.

వాణ్ణి ఒప్పించింది భసీనే. రెండు రోజులు అన్నం సయించలేదు ఆయనకు. తన వేషం, తన ముఖం, తన నాలుగు పేజీలు. మరొకడెవడో మీసాలవాడు ఎగరేసుకుపోతే గుండె పగిలి పోయేవాడే. కొడుకైతే పోనీ, ఇంట్లోనే ఉంటుంది కదా అనుకున్నాడు. బతిమాలాడు, తిట్టాడు, మళ్ళీ బతిమాలాడు. చివరికి వాడు, మీ కోసం ఈ ఒక్కసారికే అని దుకాణంలో సెలవు పెట్టాడు.

పది రోజులు ఆ ఒక్క గదిలో తండ్రి కొడుక్కి తండ్రిగా ఎలా ఉండాలో నేర్పాడు. "తమ్ముల్లారా, ఈ గేటు మన చెమటతో నిలబడింది" అని బిట్టూ అంటే, మూడు రెక్కల ఫ్యాన్ ఇంత, నాలుగు రెక్కలది ఇంత అని రేటు చెప్పినట్టుండేది. భసీన్ చెబితే కింద లాల్‌చంద్ కొట్లో డబ్బా మూతలు అదిరేవి. చూసి చూసి కృష్ణావంతి రొట్టెలపీట అవతలకు నెట్టి, "ఇన్నాళ్ళూ మొగుణ్ణి చంపారు, ఇప్పుడు కొడుకుని కూడానా? నేనెన్ని ఉపవాసాలని చెయ్యను?" అని కళ్ళు తుడుచుకుంది. తండ్రీ కొడుకులు పాఠం మళ్ళీ మొదలుపెట్టారు.

పరేల్‌లో మూతపడ్డ మిల్లు ముందు షూటింగు. అయిదు వందలమంది గుంపు. వాళ్ళలో కనీసం నలభైమంది భసీన్‌తో పాతికేళ్ళుగా గుంపుల్లో నిలబడ్డవాళ్ళే. ఎరువు షేర్వాణీ కాదు, కొలత తీసుకుని కుట్టిన ఖద్దరు జుబ్బా వేసుకుని బిట్టూ బల్లమీదకెక్కాడు. వెయ్యి కళ్ళు వాడివైపు తిరిగాయి. ఏమైందో ఏమో, ఫ్యాన్ల గుమాస్తా భుజాలు వెనక్కి వెళ్ళాయి, మెడ నిలబడింది. చెయ్యి ఎత్తిన తీరు, మాట మధ్య ఆగిన తీరు, అంతా గదిలో నేర్చుకున్నదే, కానీ ఇప్పుడు వాడిది. గుండు తగిలి పడ్డప్పుడు గుంపులో ఒక ముసలాడు నిజంగానే ఏడ్చాడు. మూడోరోజు హీరోగారు తనకూ ఆ ఫ్లాష్‌బ్యాక్‌లో చోటు కావాలని కలలో సీన్ ఒకటి రాయించుకున్నారు. యాభై ఒక్క ఏళ్ళ ఆ హీరో, ఇరవై ఏడేళ్ళ బిట్టూ ఒళ్ళో తల పెట్టుకుని, "బాబూజీ, నన్నెందుకు వదిలి వెళ్ళారు?" అని వెక్కి వెక్కి ఏడ్చాడు. హీరో విగ్గు చెదరకుండా బిట్టూ చాలా జాగ్రత్తగా తల నిమిరాడు. ఆ సాయంత్రం ఇంటికి వస్తూ దారిలో స్కూటరు ఆపి, ఇంకో వేషం వస్తే చెయ్యొచ్చేమో అన్నాడు తండ్రితో. భసీన్ సంతోషించాడు. సంతోషంతో పాటు ఇంకేదో కూడా లోపల కలుక్కుమంది.

మన సినిమాల్లో షూటింగునాటి గొంతు పనికిరాదు. కెమెరా రొద, గుంపు గోల, కాకుల అరుపు అన్నీ కలిసిపోతాయి. తర్వాత ఒక చీకటి గదిలో మైకు ముందు నిలబడి, తెరమీద తన పెదాలు చూసుకుంటూ మళ్ళీ చెప్పాలి. దీన్నే డబ్బింగ్ అంటారు. నెల తర్వాత ఓ సోమవారం పొద్దున పదింటికి బిట్టూకి పిలుపొచ్చింది. తోడుగా భసీన్ వెళ్ళాడు.

ఒంటిగంట దాకా బిట్టూ చెబుతూనే ఉన్నాడు. బల్లమీద అయిదు వందలమంది ముందు వచ్చింది చీకట్లో మైకు ముందు రాలేదు. తెరమీద సింహంలా చెయ్యెత్తుతున్నాడు, స్పీకర్లోంచి ఫ్యాన్ల రేట్లు వినబడుతున్నాయి. వాణ్ణి చూస్తే జాలేస్తోంది. పెదాలు తడుపుకుంటున్నాడు, నీళ్ళు తాగుతున్నాడు, మళ్ళీ మొదలుపెడుతున్నాడు. చివరికి కుక్రేజా విసిగి, సోఫాలో కూర్చున్న భసీన్ వైపు తిరిగి, మీకు వచ్చు కదా, మొదటి రెండు ముక్కలు మీరు చెప్పి వినిపించండి, అబ్బాయికి దారి తెలుస్తుంది అన్నాడు.

భసీన్ లేవను కూడా లేవలేదు. కూర్చున్న చోటునుంచే చెప్పాడు. "తమ్ముల్లారా, ఈ గేటు మన చెమటతో నిలబడింది."

అద్దం అవతల సౌండ్ ఇంజినీరు నమిలే పాన్ ఆపి ఇటు చూశాడు. కుక్రేజా మెల్లిగా, "ఈ గొంతే ఉంచుతాను. మీరిద్దరూ సరేనంటేనే. బయటికెళ్ళి టీ తాగి, ఏ సంగతో తేల్చుకుని రండి" అన్నాడు.

బయట టీ బండి దగ్గర నిలబడ్డారు. బిట్టూ గ్లాసు ముట్టుకోలేదు. "పాపాజీ, మూడు రోజులు గడువడగండి. మీరు నేర్పండి, నేను చెప్పగలను."

భసీన్ టీ ఊదుకున్నాడు.

"నా నోట్లోంచి మీ గొంతు వస్తే వీధిలో ఎవరికి తెలీదు? అందరూ నవ్వుతారు. నేను బతుకులో చేసిన పని అదొక్కటే పాపాజీ. మిగతాదంతా ఫ్యాన్లే. దాన్ని ఉండనివ్వండి."

"నీకింకా వేషాలొస్తాయి పుత్తర్."

"రావు. మీక్కూడా తెలుసు."

"తెలుసు" అన్నాడు భసీన్. "నాకూ రావు."

ఇక్కడ హిందీ సినిమా తండ్రి అయితే ఏం చేస్తాడో చెప్పాలా? కొడుకు భుజమ్మీద చెయ్యి వేస్తాడు. కళ్ళు తుడుచుకుంటాడు. ఈ గొంతు నీదేరా అని వెనుదిరిగి నడిచిపోతాడు, వెనక వయొలిన్లు. నలభై మూడు సినిమాల్లో భసీన్ కొడుకుల కోసం అంతకంటే పెద్ద త్యాగాలే చేశాడు, కథ మొదలవకముందే ప్రాణాలిచ్చేశాడు. ఆయనకూ ఆ క్షణంలో అలాగే చేద్దామనిపించింది. ఈ పాపిష్టి గొంతు లయల్‌పూర్లోనే పోయి ఉంటే బాగుండేది అనుకున్నాడు. అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా అంటారు. వీడు గడ్డం వచ్చాక కూడా బిడ్డగానే అడుగుతున్నాడు. అది మరీ కష్టంగా ఉంది.

"మీరు నాన్న కదా" అన్నాడు బిట్టూ.

"ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే పని చేస్తున్నాను. ఇవాళొక్క రోజు సెలవు పెడతాను."

గ్లాసు బండిమీద పెట్టి లోపలికి నడిచాడు. వెనక్కి తిరిగి చూస్తే వెళ్ళలేనని తెలిసి చూడలేదు. మైకు ముందు నిలబడి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళజోడు సరిచేసుకున్నాడు. దీపాలు ఆర్పారు. తెరమీద కొడుకు బల్లెక్కాడు, మెడ నిలబెట్టాడు, నోరు తెరిచాడు. భసీన్ నోరు కూడా తెరుచుకుంది. నాలుగు పేజీలు ఏకబిగిన చెప్పేశాడు. ఎక్కడా తడబడలేదు, ఒక్క పెదవి కదలిక తప్పలేదు. కూలీలను పిలిచినచోట పిలిచాడు, మిల్లు యజమానిని నిలదీసినచోట గోడలు అదిరాయి. గుండు తగిలాక చెప్పే చివరి మాట దగ్గర గొంతు సన్నబడి వణికింది. అది నటనో కాదో ఆయనకే తెలియలేదు. సిగ్గుగా ఉంది. అంత సిగ్గులోనూ ఒళ్ళంతా ఎంత హాయిగా ఉందంటే, అంత హాయి పెళ్ళినాడు కూడా లేదు.

దీపాలు వెలిగాయి. కుక్రేజా కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తలుపు దగ్గర బిట్టూ నిలబడి ఉన్నాడు, ఎప్పుడొచ్చాడో, ఎంతవరకు విన్నాడో. ఇంజినీరు అద్దం వెనకనుంచి బొటనవేలెత్తి చూపించి, "మొదటి టేకే ఓకే భసీన్ సాబ్. ఒక్కచోట కూడా తేడా లేదు. అయిపోయింది, ఇంటికెళ్ళొచ్చు" అన్నాడు.

భసీన్ కొడుకు వైపు చూశాడు. చెవులకు పెట్టుకున్నవి తియ్యలేదు.

"రీలు మళ్ళీ వెయ్యండి" అన్నాడు. "ఇంకొక్కసారి చెబుతాను."